పాలెం నుంచి కచేరి దాకా: దత్తమండలాలలో స్థావరాలు, ఘర్షణలు, రాజ్యాధికార విస్తరణ

1. ఉపోద్ఘాతం:

రాజ్యవిస్తరణ అనగానే చరిత్రరచనలో పెద్ద యుద్ధాలు, సంధులు ముందుకు వస్తాయి. అయితే గెలిచిన నేల మీద అధికారం నిలవాలంటే అక్కడ సైన్యం విడియాలి, కావలి నడవాలి, శిస్తు వసూలై ఖజానాకు చేరాలి. ఈ పనులు జరిగే చోట్లు స్థావరాలు. కోట, ఠాణా, దండు, తాలూకా కచేరి అన్నీ ఈ వ్యాసంలో ఆ మాట పరిధిలోకే వస్తాయి.

బేతంచెర్లను కేంద్రంగా పెట్టుకొని చూస్తే ఈ పరిశీలనకు కావలసిన స్థలాలు చుట్టూ కనిపిస్తాయి. ఉత్తరాన కర్నూలు నవాబుల కోట, పడమర పత్తికొండ, నైరుతిలో గుత్తి దుర్గం, దక్షిణాన బనగానపల్లె, ఇంకా దిగువన కోయిలకుంట్ల ఉన్నాయి. 1800 నుంచి 1858 వరకు ఈ ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ అధికారం ఎలా వేళ్లూనుకొన్నదో పరిశీలించి, ఇక్కడి ప్రధాన ఘర్షణలు ఒక రకం స్థావరాన్ని తొలగించి మరొక రకం స్థావరానికి చోటు కల్పించాయని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పాలెం - పాత రాజ్యపు స్థావరం:

'పాలెం' అంటే సేనలు విడిసిన చోటు. పాలెగాడు ఆ చోటుకు అధిపతి. విజయనగర పాలనలో పాలెగాళ్లు రాజ్యానికి సైనికులను సమకూర్చారు, గ్రామాలకు, దారులకు కావలి కాశారు, అందుకు ప్రతిఫలంగా భూములను, రుసుములను అనుభవించారు. అంటే పాలెగాడు మొదట కేంద్రాధికారానికి శత్రువు కాడు. దాని చివరి అంచున నిలిచిన ప్రతినిధి.

1565 నాటి యుద్ధం తరువాత విజయనగరం క్షీణించింది. ఆ తరువాత గోల్కొండ సుల్తానులు, మొగలులు, కడప, కర్నూలు నవాబులు, మరాఠాలు, మైసూరు పాలకులు ఈ నేల కోసం పోటీపడ్డారు. కేంద్రాలు మారినా పాలేలు మిగిలాయి. బలమైన ప్రభువు వచ్చినప్పుడు పేష్కష్ చెల్లించడం, అతడు బలహీనపడగానే ఆపివేయడం పాలెగాళ్ల రాజనీతి అయింది. స్థావరం దాన్ని నిలిపిన రాజ్యం కన్నా ఎక్కువ కాలం బతికితే అదే స్వతంత్రాధికారంగా మారుతుందన్న సూత్రానికి ఇది మంచి నిదర్శనం.

3. హైదరాబాదు దండు - దత్తమండలాల దత్తత:

కంపెనీ ఈ ప్రాంతాన్ని నేరుగా యుద్ధంలో గెలుచుకోలేదు. మైసూరు యుద్ధాల ఫలితంగా 1792లోను, 1799లోను నిజాముకు కొన్ని ప్రాంతాలు దక్కాయి. నిజాము రాజ్యంలో ఉండే కంపెనీ సైన్యపు ఖర్చు కింద 1800 అక్టోబరులో అతడు వాటిని కంపెనీకి వదిలివేశాడు. 'దత్తమండలాలు' అన్న పేరు అలా ఏర్పడినదే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. మిత్రరాజ్యంలో నెలకొన్న ఒక సైనిక స్థావరం తన పోషణ కోసమే వందల మైళ్ల విస్తీర్ణం గల భూభాగాన్ని కంపెనీకి సంపాదించి పెట్టింది. సైన్యం రక్షణ కోసం వచ్చింది. ఆ రక్షణ ఖరీదు భూమి అయింది. ఆ భూమి శిస్తు మళ్లీ సైన్యాన్ని పోషించింది. రాయలసీమ రైతు చెల్లించిన శిస్తుకు, హైదరాబాదులోని దండుకు మధ్య ఉన్న ఈ సంబంధాన్ని స్థానికచరిత్రలు తరచుగా విడదీసి చూస్తాయి.

4. కోటల కూల్చివేత - కచేరీల స్థాపన:

దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా 1800లో వచ్చిన థామస్ మన్రో ముందు ఎనభైమంది పాలెగాళ్లు, వారి కింద సుమారు 30,000 మంది సాయుధులు ఉన్నారు. సాయుధులను తొలగించడం, చిన్న కోటలను పడగొట్టడం, కావలి రుసుములను ప్రభుత్వపరం చేయడం, పేష్కష్‌ను గడువు ప్రకారం రాబట్టడం అతని విధానంలో ముఖ్యాంశాలు. ఒప్పుకోనివారి మీదికి జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్ నాయకత్వంలో సైన్యం నడిచింది. 1801 డిసెంబరులో తెర్నేకల్ కోట మీద మొదటి దాడి విఫలమైంది. పెద్ద ఫిరంగులు వచ్చిన తరువాతే అది లొంగింది. గ్రామస్థాయి మట్టికోటకు సైతం ఎంత ప్రతిఘటనశక్తి ఉండేదో దీన్ని బట్టి తెలుస్తుంది.

రష్యా సామ్రాజ్యం కజక్ మైదానాలలో కొత్త కోటల వరుసలు కట్టుకొంటూ ముందుకు సాగింది. ఇక్కడ పద్ధతి వేరు. ఈ నేల నిండా కోటలే కాబట్టి కంపెనీకి కొత్తవి కట్టవలసిన అవసరం పెద్దగా రాలేదు. గుత్తి, ఆదోని వంటి దుర్గాలు దాని చేతికి వచ్చాయి. బళ్లారి పెద్ద దండుగా ఎదిగింది. పాలెగాని కోట ఉన్న సీమలో తాసిల్దారు కచేరి వెలిసింది.

ఈ కచేరీలే అసలైన స్థావరాలయ్యాయి. 1802లో మొదలైన భూమికొలత ప్రతి పొలాన్నీ లెక్కలోకి తెచ్చింది. మన్రో ఏలుబడిలోని ఏడేళ్లలో శిస్తు ఆదాయం సుమారు 4 లక్షల పౌన్ల నుంచి 6 లక్షల పౌన్లకు పెరిగింది. ఆ భారం ఎంతటిదో మన్రో సూచనే చెబుతుంది: 1807లో అతడే శిస్తును నూటికి 25 వంతులు తగ్గించాలని సిఫారసు చేశాడు. అప్పటి ప్రభుత్వం ఆ సిఫారసును అమలు చేయలేదు. పాలెగాని కావలి రుసుము పోయినంత మాత్రాన రైతుకు ఊరట కలగలేదన్నది స్పష్టం.

5. 1839, 1846 - రెండు ఘర్షణలు, ఒక మినహాయింపు:

కర్నూలు నవాబు చాలాకాలం కంపెనీకి పేష్కష్ చెల్లించే సామంతుడిగా కొనసాగాడు. గులాం రసూల్ ఖాన్ కోటలో ఫిరంగులు, ఆయుధాలు దాచాడన్న ఆరోపణతో 1839లో కంపెనీ సైన్యం కర్నూలును ఆక్రమించింది. అక్టోబరులో జొహరాపురం దగ్గర జరిగిన పోరులో నవాబు పట్టుబడి తిరుచిరాపల్లికి బందీగా వెళ్లాడు. అతని రాజ్యం కమిషనరు పాలన కిందికి వచ్చి, 1858లో జిల్లాగా రూపొందింది.

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేశాడు. నొస్సం పాలెగాళ్ల వంశానికి వారసుడైన అతనికి మిగిలింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణం. గ్రామాల కావలి కాసే కట్టుబడుల మాన్యాలను ప్రభుత్వం తిరిగి తీసుకోవడంతో వారు అతని పక్షాన నిలిచారు. జులైలో వారు దాడి చేసిన చోటు సైనిక శిబిరం కాదు, కోయిలకుంట్ల ఖజానా. అధికారం ఎక్కడ నివసిస్తున్నదో తిరుగుబాటుదారులు సరిగానే గుర్తించారనడానికి ఇదే ఆధారం. 1847 ఫిబ్రవరి 22న ప్రభుత్వం అతణ్ని ఆ కోయిలకుంట్లలోనే ఉరితీసి, శిరస్సును కోటగుమ్మానికి వేలాడదీసింది. ఖజానా ఉన్న ఊరినే శిక్షాస్థలంగా ఎంచుకోవడం పాలనాసంకేతం.

ఈ రెండింటి నడుమ బనగానపల్లె సంస్థానం మినహాయింపుగా నిలిచింది. చుట్టూ కర్నూలు జిల్లా ఏర్పడినా అది 1948 వరకు సంస్థానంగానే ఉంది. నాలుగు వైపులా కంపెనీ స్థావరాలు ఉన్న చోట ఘర్షణ లేకుండానే ఆధిపత్యం చెల్లింది. కాబట్టి ఘర్షణ విస్తరణకు తప్పనిసరి నియమం కాదు. స్థావరాల వలయం పూర్తికాని చోట అది అవసరపడింది.

6. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, దత్తమండలాలలో కంపెనీ అధికారం శూన్యంలోకి రాలేదు. పాత స్థావరాల వ్యవస్థను తొలగించి ఆ చోటును ఆక్రమించింది. రెండు, సైనిక విజయం కచేరిగా మారిన తరువాతే స్థిరపడింది. మూడు, పాలెగాళ్లను దోపిడీదారులని వర్ణించిన కంపెనీ నివేదికలు గాని, కేవలం వీరులుగా కొనియాడే తరువాతి రచనలు గాని వారి వ్యవస్థాగత స్థానాన్ని పూర్తిగా చూపలేదు. వారు రైతు నుంచి రుసుములు పిండినవారే. గ్రామానికి కావలి కాసినవారు కూడా.

దత్తమండలాలన్న పేరును వదలి 'రాయలసీమ' అన్న పేరును స్వీకరించిన 1928 నాటి సభ నంద్యాలలో, అంటే బేతంచెర్లకు తూర్పున, జరిగింది. పేరు మారినా ఈ సీమ గ్రామాలలో శిథిలమైన బురుజులు ఇంకా ఉన్నాయి. కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులలోని కోటల వివరాలను, మన్రో నివేదికలను, ఈ బురుజుల క్షేత్రపరిశీలనను కలిపి తాలూకాల వారీగా పటాలు తయారుచేస్తే, ఏ కోట పోయిన చోట ఏ కచేరి వెలిసిందో గ్రామస్థాయిలో నిర్ధారించవచ్చు. బురుజులు పూర్తిగా నేలమట్టం కాకముందే పరిశోధకులు ఆ పనికి పూనుకోవాలి.