పాలెంకే: బడిలో మళ్లీ చిగురించిన భాష



బడి గేటు దాటితే ఊరి భాష, ఇంటికొస్తే తెలుగు. ఇలా రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు లోకంలో ఇంకా చాలామంది ఉన్నారు. దక్షిణ అమెరికాలోని కొలంబియాలో, కరీబియన్ తీరానికి దగ్గర్లో, సాన్ బాసిలియో దె పాలెంకే అనే చిన్న ఊరుంది. అక్కడివాళ్ల పూర్వీకులు ఆఫ్రికా వాళ్లు. వాళ్లకు స్పానిష్‌తో పాటు పాలెంకేరో అనే సొంత భాష ఉంది. మీరు ఎప్పుడైనా ఆ ఊరు వెళ్తే ఏం చూడాలో, ఏం వినాలో చెప్పుకుందాం.

ప్రయాణం కార్తహేనా నగరంలో మొదలవుతుంది. స్పెయిన్ పాలనలో ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన మనుషులను ఈ రేవులోనే బానిసలుగా అమ్మేవారు. కొందరు తప్పించుకుని అడవుల్లోకి పోయి, చుట్టూ కర్రల కంచె కట్టుకుని ఊళ్లు పెట్టుకున్నారు. అలాంటి ఊరినే 'పాలెంకే' అంటారు. వాళ్ల నాయకుడు బెంకోస్ బియోహోను 1621లో కార్తహేనాలో ఉరితీశారు. అయినా పోరాటం ఆగలేదు. 18వ శతాబ్దం మొదట్లో పాలకులు ఈ ఊరివాళ్ల స్వేచ్ఛను ఒప్పుకోక తప్పలేదు.

కార్తహేనా నుంచి సుమారు 50 కిలోమీటర్లు వెళ్తే ఊరు వస్తుంది. ఊరి నడుమ బియోహో విగ్రహం ఉంటుంది. డోలు చప్పుడు వినిపిస్తుంది. 'అలెగ్రియా' అనే మిఠాయి తిని చూడండి. చిరుధాన్యం, కొబ్బరి, బెల్లం కలిపి చేసిన ఉండ అది. మన ఇంటి ఉండలు గుర్తొస్తాయి!

ఇక భాష సంగతి. పాలెంకేరోలో మాటలు ఎక్కువగా స్పానిష్‌వే. కానీ ఆఫ్రికాలోని కికోంగో భాష జాడలు అందులో గట్టిగా ఉన్నాయి. 'ంగోంబె' అంటే పశువు. 'మా ంగోంబె' అంటే పశువులు. మనం బహువచనానికి చివర 'లు' చేరుస్తాం, వాళ్లు ముందు 'మా' పెడతారు.

ఒకప్పుడు పట్నం వెళ్తే ఈ భాషను 'తప్పుడు స్పానిష్' అని వెక్కిరించేవారు. ఆ అవమానం పిల్లలకు వద్దనుకుని చాలామంది అమ్మానాన్నలు ఇంట్లో కూడా స్పానిష్‌లోనే మాట్లాడసాగారు. భాష ముసలివాళ్ల నోట మాత్రమే మిగిలేలా అయింది. 1980ల చివర్లో ఊరి బడిలో పాలెంకేరో పాఠాలు మొదలయ్యాయి. 1991 నాటి కొలంబియా రాజ్యాంగం ఇలాంటి భాషలకు వాటి ప్రాంతాల్లో అధికార హోదా ఇచ్చింది. 2005లో యునెస్కో ఈ ఊరి సంస్కృతిని మానవాళి వారసత్వంగా ప్రకటించింది. ఇప్పుడు పిల్లలు ఆ భాషలో గర్వంగా పాడుతున్నారు.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. కార్తహేనా వీధుల్లో రంగురంగుల బట్టలు కట్టి, తలమీద పండ్ల గంప పెట్టుకున్న పాలెంకే ఆడవాళ్లు కనిపిస్తారు. అడగకుండా ఫోటో తీయకండి. పండ్లు అమ్ముకోవడం వాళ్ల జీవనం, కాబట్టి ఏదైనా కొనండి. ఊళ్లో ఎవరైనా పోతే తొమ్మిది రోజులు డోలు మోగిస్తూ పాడే 'లుంబలు' ఉంటుంది. అది ఆ ఇంటి దుఃఖం. పిలిస్తే తప్ప కెమెరాతో వెళ్లకూడదు.

తల్లిదండ్రులారా, పాలెంకేలో భాష సన్నగిల్లింది ఇంట్లోనే. తిరిగి చిగురించింది బడిలో. కానీ బడి ఒక్కటే దాన్ని మోయలేదు. పిల్లలూ, ఈ ఆదివారం అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, మీకు తెలియని ఐదు తెలుగు మాటలు రాసుకురండి. తరగతిలో కలిసి చదువుకుందాం.