జ్యోతినగర్ నుంచి దుబాయ్‌కి

రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్ జ్యోతినగర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయం రోడ్డు మీద సుమారు 250 కిలోమీటర్లు. పెద్దపల్లి, కరీంనగర్, సిద్దిపేట మీదుగా రాజీవ్ రహదారిలో వెళ్లి హైదరాబాద్ నగరం దాటేసరికి అయిదు గంటలు గడుస్తాయి. దగ్గర్లోని బసంత్‌నగర్‌లో పాత ఎయిర్‌స్ట్రిప్ ఉన్నా ప్రయాణికుల విమానాలు లేవు.

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశమార్గాన దాదాపు 2,550 కిలోమీటర్లు. అంటే రోడ్డు దూరానికి పది రెట్లు! జెట్ విమానం గంటకు 850 కిలోమీటర్ల దాకా వేగం అందుకుంటుంది. లెక్కకు మూడు గంటలు చాలాలి. కానీ విమానం రన్‌వే దాకా నేల మీద కదలడం, పైకెక్కడం, దిగే ముందు వేగం తగ్గించడం, వాయుమార్గాల వంపులు కలిసి నాలుగు గంటలకు దగ్గరవుతుంది. పైగా ఎత్తులో గాలులు, ముఖ్యంగా చలికాలంలో, పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తాయి. వెళ్లేటప్పుడు అవి ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి. అందుకే తిరుగు ప్రయాణం సాధారణంగా అరగంట దాకా తగ్గుతుంది.

టికెట్ మీది వేళలు చూసి చాలామంది తికమకపడతారు. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక. ఉదయం 10కి బయల్దేరి నాలుగు గంటలు ఎగిరితే అక్కడ దిగేది మధ్యాహ్నం 12:30కి. టికెట్ మీద రెండున్నర గంటలే కనిపిస్తుంది.

అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందే విమానాశ్రయం చేరాలి. కాబట్టి ఉదయం 10 గంటల విమానానికి జ్యోతినగర్‌లో అర్ధరాత్రి దాటాక రెండింటికల్లా బండెక్కడం మంచిది.