రేలంగి హాస్యం: గానం, ఆంగికం

రేలంగి వెంకటరామయ్య (1910–1975) హాస్యాన్ని సంభాషణల ఆధారంగా అంచనా వేయడం పరిపాటి. అయితే ఆయన నటనకు సంగీతం, రంగస్థలం పునాదులు. తండ్రి హరికథను, సంగీతాన్ని బోధించేవారు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలు ఆయనకు తొలి శిక్షణశాల. సి.పుల్లయ్య ‘శ్రీకృష్ణ తులాభారం’ (1935)తో చిత్రరంగంలో ప్రవేశించినా, విశేషమైన గుర్తింపు ‘గుణసుందరి కథ’ (1949)తో లభించింది.

హరికథలో ఒకే వ్యక్తి కథ చెబుతూ, పాడుతూ, అడుగులు వేస్తూ, పిట్టకథలతో నవ్విస్తాడు. ఈ సమ్మేళనానికి దగ్గరి రూపం ‘మిస్సమ్మ’ (1955)లో కనిపిస్తుంది. నేపథ్యగానం స్థిరపడిన ఆ కాలంలో కథానాయకుడి పాటలను ఎ.ఎం.రాజా పాడగా, దేవయ్య పాత్రకు రేలంగి స్వయంగా పాడారు. యాచన దేవయ్యకు వృత్తి. పాట అందుకు పనిముట్టు. మాట్లాడే గొంతే పాడటం వల్ల ఆ పాట పాత్ర స్వభావంలో భాగమైంది.

‘మాయాబజార్’ (1957)లోని లక్ష్మణకుమారుడు, ‘నర్తనశాల’ (1963)లోని ఉత్తరుడు ఇద్దరూ రాకుమారులే. మాటలో బీరం, దేహంలో బెదురు వారి సమాన లక్షణాలు. ఉత్తరుడి ప్రగల్భాలు, పిరికితనం తిక్కన విరాటపర్వం ద్వారా తెలుగువారికి చిరపరిచితాలు. ఆ కావ్యహాస్యాన్ని రేలంగి స్వరభేదంతో, ఆంగికంతో తెరపై రూపుకట్టించారు.

1970లో పద్మశ్రీ పొందిన ఈ నటుని కళను సంభాషణల లిఖితపాఠం ఒక్కటే పట్టివ్వదు. గొంతును, దేహాన్ని కూడా పాఠంగా పరిగణించినప్పుడే ఆయన హాస్యానికి సమగ్రమైన అధ్యయనం సాధ్యమవుతుంది.