4.3 సిస్టమ్ లాగ్‌లో హార్డ్‌వేర్ దోష సందేశాలు

యునిక్స్ సర్వర్‌లో కెర్నల్, ఇతర ప్రోగ్రాములు తమకు ఎదురైన సంఘటనలను సిస్టమ్ లాగ్‌లో నమోదు చేస్తాయి. ఈ పద్ధతికి మూలమైన సిస్‌లాగ్‌ను 1980 దశకంలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్‌లో భాగంగా రూపొందించారు. హార్డ్‌వేర్ సందేశాలను చదివేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. దోషం ఎక్కడ బయటపడిందో లాగ్ చెబుతుంది. అది ఎక్కడ పుట్టిందో మనం వెతకాలి.

4.3.1 సందేశ నిర్మాణం

సాధారణంగా లాగ్‌లోని ఒక వరుసలో సమయం, సర్వర్ పేరు, సందేశం పంపిన ప్రోగ్రాము పేరు, అసలు విషయం ఉంటాయి. తీవ్రతకు 0 నుంచి 7 వరకు 8 స్థాయిలున్నాయి. 0 అత్యంత తీవ్రం, 3 దోషం, 4 హెచ్చరిక, 7 డీబగ్ సమాచారం.

4.3.2 డిస్క్ సందేశాలు: ఒక ఉదాహరణ

పల్నాడు జిల్లా బొల్లాపల్లిలోని ఒక కార్యాలయంలో లినక్స్ సర్వర్ ఉందనుకుందాం. అందులో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే రెండు డిస్కులలో ఒకే సమాచారం ఉంటుంది. మే నెలలో ఒక మధ్యాహ్నం లాగ్‌లో ఈ వరుస కనిపించింది:

13:42:07 కెర్నల్: ఐ/ఓ ఎర్రర్, ఎస్‌డీబీ, సెక్టార్ 48213376

వెంటనే డిస్క్ మార్చాలనిపిస్తుంది. కాని దాని పై వరుసలను చూడండి.

• యూఎన్‌సీ అని ఉంటే, ఆ సెక్టార్‌ను డిస్క్ చదవలేకపోయింది. లోపం చాలావరకు డిస్క్‌లోనే ఉంటుంది.
• ఐసీఆర్‌సీ అని ఉంటే, సమాచారం దారిలో చెడింది. ముందు కేబుల్‌ను, కనెక్టర్‌ను పరీక్షించండి. ఇక్కడ కొత్త డిస్క్ పెట్టినా అదే సందేశం మళ్ళీ రావచ్చు.
• దోషాలు మధ్యాహ్నం మాత్రమే వస్తుంటే ఫ్యాన్లు, దుమ్ము, ఏసీ చూడండి. పల్నాడు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.
• కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ వస్తుంటే యూపీఎస్‌ను, పవర్ సప్లైని అనుమానించండి.

4.3.3 మెమరీ సందేశాలు

సర్వర్లలో వాడే ఈసీసీ మెమరీ సాధారణంగా ఒక బిట్ తప్పును సరిదిద్దుతుంది. రెండు బిట్లు తప్పితే గుర్తించగలదు గాని సరిదిద్దలేదు. 'సరిదిద్దిన దోషం' ఎప్పుడో ఒకసారి వస్తే ఆందోళన అవసరం లేదు. ఒకే స్లాట్ పేరుతో పదేపదే వస్తుంటే, సర్వర్ నడుస్తున్నా సరే, ఆ మెమరీ కార్డును మార్చే ఏర్పాటు చేయండి.

4.3.4 పాటించవలసిన క్రమం

1. లాగ్‌ను మరో యంత్రంలోకి కాపీ చేయండి. పాత సందేశాల స్థానంలో కొత్తవి వచ్చి చేరుతుంటాయి.
2. ముఖ్యమైన డేటాను బ్యాకప్ తీయండి. అంతవరకు ఫైల్ సిస్టమ్‌ను మరమ్మతు చేసే ఆదేశాలు ఇవ్వవద్దు. పాడవుతున్న డిస్క్‌పై అవి నష్టాన్ని పెంచవచ్చు.
3. చివరి సందేశంతో ఆగకుండా మొట్టమొదటి సందేశం వరకు వెనక్కి వెళ్ళండి.
4. డిస్క్ స్వయంగా నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలతో పోల్చండి.
5. ఒకసారి ఒక భాగాన్నే మార్చి, లాగ్‌ను గమనించండి.

డిస్క్ తీసే ముందు దాని సీరియల్ నంబరు సరిచూడండి. రీబూట్ తరువాత ఎస్‌డీబీ అనే పేరు మరో డిస్క్‌కు రావచ్చు. పొరపాటున మంచి డిస్క్‌ను తీస్తే, పాడైనదే మిగులుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. యూఎన్‌సీ, ఐసీఆర్‌సీ దోషాల మధ్య తేడా ఏమిటి?
2. మరమ్మతుకు ముందే బ్యాకప్ ఎందుకు తీయాలి?