ప్రేగులు, ప్యూరినులు

దేహమందలి ప్రతి కణమును పనిచేయుటకు శక్తి కావలెను. ఆ శక్తిని సంతలో నాణెమువలె ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చు పదార్థము ఏ.టి.పి. దీనిని 1929లో హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కెతో కలసి కండరములనుండి వేరుచేసినవాడు తెలుగువాడు. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావే అతడు. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దీనిని కనుగొనెను.

ఏ.టి.పి.లోని అడినీను ప్యూరిను జాతికి చెందినది. ఇది కణము లోపలనే పనిచేయునని శాస్త్రజ్ఞులు చిరకాలము తలచిరి. వెలుపల కూడ దీనికి పని గలదని చూపినది ప్రేగు.

గినీపంది ప్రేగుముక్కను వెచ్చని లవణజలమున వ్రేలాడదీసి, గ్లూకోసును, ప్రాణవాయువును అందించినచో, అది శరీరమునుండి వేరైనను గంటల తరబడి ముడుచుకొనుచు, సాగుచు నుండును. దాని గోడలోనే నాడులు గలవు. ఆ నాడులను విద్యుత్తుతో ప్రేరేపించి, చుట్టునున్న ద్రవమును పరీక్షించినచో అందు ప్యూరినులు కనబడును. నాడులు విడిచిన ఏ.టి.పి. కండరమును సడలించును. పిదప ఎన్జైములు దానిని త్వరితముగా అడినోసినుగాను, ఇనోసినుగాను మార్చును. జెఫ్రీ బర్న్‌స్టాక్ ఈ నాడులకు 1972లో ప్యూరినెర్జిక్ నాడులని పేరిడెను. పెక్కుమంది ఆయన మాట నమ్మలేదు. 1990 దశకమున ఏ.టి.పి.ని గుర్తించు గ్రాహకముల నిర్మాణము తెలిసిన పిదప సందేహములు తొలగెను.

కణములు ఈ ప్యూరినులను ఎట్లు సమకూర్చుకొనును? విచ్ఛిన్నమైన వానిని తిరిగి వాడుకొనును. లేదా గ్లైసీను, గ్లుటమీను వంటి చిన్న అణువులనుండి క్రొత్తగా నిర్మించుకొనును. ఈ నిర్మాణమునకు ఫోలిక్ ఆమ్లము అవసరము. ప్రేగు లోపలి పొర కొలది దినములకే క్రొత్తదగును గనుక, ఈ విటమిను కొరవడినచో ప్రేగు త్వరగా దెబ్బతినును.

స్ప్రూ అను ప్రేగువ్యాధి సుబ్బారావుగారి సోదరుని పొట్టన పెట్టుకొనెను, ఆయననును పీడించెను. ఆయన నాయకత్వమున లెడర్లె పరిశోధనాలయ శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. అది స్ప్రూ రోగులకు మందైనది. 1948లో ఆయన మరణించెను. సోదరుని కాపాడజాలని విద్య, తరువాతి రోగులెందరినో కాపాడినది.