వీకెండ్ ట్రెక్‌కు వెళ్తున్నారా? పిడుదులతో జాగ్రత్త! కుట్టకుండా ఏం చేయాలి, కుడితే ఏం చేయాలి

హైదరాబాద్: శుక్రవారం సాయంత్రం మాదాపూర్, రాయదుర్గం ఆఫీసుల్లో లాప్‌టాప్‌లు మూతపడగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. ఈసారి ఎక్కడికి? కొందరు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు, కొందరు ఖాజాగూడ గుట్టల మీదికి, ఇంకొందరు గాలం పట్టుకొని గండిపేట, హిమాయత్‌సాగర్ గట్లకు బయల్దేరతారు. మంచిదే. వారమంతా ఏసీలో కూర్చున్న ఒంటికి గాలి, ఎండ కావాలి కదా. కానీ ఆ గడ్డిలో, ఆ పొదల్లో మన కోసం కాచుకొని కూర్చునే చిన్న పురుగు ఒకటుంది. తెలుగులో పిడుదు అంటాం, కొన్ని చోట్ల గోమారి అంటారు. మన ఇళ్లల్లో ఉర్దూలో చీచ్డీ అంటాం. ఇంగ్లిష్‌లో టిక్.

కుక్కకో, మేకకో పట్టే పురుగు మనల్నేం చేస్తుందిలే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా, పోయినేడు మా ఫుప్పూ కొడుకు జ్వరంతో మంచాన పడేదాకా.

ఎనిమిది రోజుల జ్వరం

తను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెప్టెంబర్‌లో ఆఫీసు స్నేహితులతో అనంతగిరి వెళ్లాడు. రాత్రి టెంటు, పొద్దున ట్రెక్. వచ్చిన పది రోజులకు జ్వరం పట్టుకుంది. తలనొప్పి, ఒళ్లంతా నొప్పులు. వానాకాలం కాబట్టి అందరూ డెంగీ అన్నారు. టెస్టు చేస్తే నెగెటివ్. ఇంటి దగ్గరి క్లినిక్‌లో టైఫాయిడ్ అని మందులిచ్చారు. ఐదు రోజులు వాడినా జ్వరం దిగలేదు.

ఎనిమిదో రోజు ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఈ మధ్య అడవికో, పొలానికో వెళ్లారా?" రెండోది: "ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పుండు ఉందా?" ఉంది. నడుము దగ్గర, బెల్టు కిందుగా, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు. నొప్పి లేదు, దురద లేదు. గడ్డ ఏదో ఎండిందని వాడు పట్టించుకోలేదు, ఎవరికీ చూపించలేదు. రక్త పరీక్షలో స్క్రబ్ టైఫస్ అని తేలింది. సరైన మందు పడ్డాక రెండు రోజుల్లో జ్వరం తగ్గింది. "అల్లా షుకర్, ఆ డాక్టర్ అడిగాడు బేటా, లేకపోతే మనకేం తెలుసు" అని ఫుప్పూ ఇప్పటికీ అంటుంది.

నేను బీకాం చదివినవాణ్ణి, డాక్టర్‌ని కాదు. కానీ ఆ రోజు నుంచి ఈ పురుగుల గురించి చదవడం, డాక్టర్లను అడగడం మొదలుపెట్టా. తెలిసిన ముఖ్యమైన విషయాలు ఇవి.

పిడుదు ఎలా ఎక్కుతుంది?

పిడుదు ఎగరదు, దూకదు, చెట్టు మీది నుంచి మన నెత్తిన పడదు. గడ్డిపోచ చివరికి ఎక్కి ముందు కాళ్లు చాచి కూర్చుంటుంది. మనం వదిలే ఊపిరిని, ఒంటి వేడిని దాని కాళ్ల మీది అవయవం పసిగడుతుంది. మనం ఆ గడ్డిని రాసుకుంటూ పోతే చాలు, బట్టలకు అంటుకొని మెల్లగా పైకి పాకుతుంది. మోకాలి వెనక, గజ్జలు, నడుము, చంకలు, చెవుల వెనక, జుట్టు మొదళ్లు దానికి ఇష్టమైన చోట్లు. కుట్టినట్టే తెలియదు, ఎందుకంటే దాని లాలాజలంలో మనకు నొప్పి తెలియనివ్వని పదార్థాలుంటాయి. తీసేయకపోతే రోజుల తరబడి అక్కడే ఉండి రక్తం తాగుతుంది.

స్క్రబ్ టైఫస్ తెచ్చేది మాత్రం సరిగ్గా పిడుదు కాదు. దానికి దగ్గరి చుట్టమైన చిగ్గర్ అనే పురుగు పిల్ల. కంటికి దాదాపు కనపడనంత చిన్నది. ఉండేది అవే పొదల్లో, ఎక్కేదీ అదే పద్ధతిలో. అందుకే రెండింటికీ జాగ్రత్తలు దాదాపు ఒకటే.

ఏయే జబ్బులు?

స్క్రబ్ టైఫస్: మన తెలుగు రాష్ట్రాల్లో ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. 2025 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ కేసులు, మరణాలు వార్తల్లోకి ఎక్కాయి. పురుగు కుట్టిన 6 నుంచి 21 రోజుల్లోపు జ్వరం వస్తుంది. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటి మామూలు, చవకైన మందులతో నయమవుతుంది. ఆలస్యమైతేనే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది. ప్రాణం మీదికి తెచ్చేది ఆ ఆలస్యమే.

ఇండియన్ టిక్ టైఫస్: ఇది నిజంగా పిడుదు వల్లే వస్తుంది, ముఖ్యంగా కుక్కల పిడుదు. జ్వరంతో పాటు ఎర్రటి మచ్చలు వస్తాయి, అరచేతుల్లో, అరికాళ్లలో కూడా. దీనికీ డాక్సీసైక్లినే వాడతారు.

క్యాసనూర్ అటవీ వ్యాధి: 1957లో కర్ణాటక శివమొగ్గ జిల్లాలోని క్యాసనూర్ అడవిలో కోతులు చనిపోతుంటే బయటపడింది. అందుకే అక్కడ కోతి జ్వరం అంటారు. ఇది వైరస్, దీనికి ప్రత్యేకమైన మందు లేదు. ఐటీ కారిడార్ నుంచి లాంగ్ వీకెండ్ వస్తే చిక్కమగళూరు, పడమటి కనుమల వైపు బస్సెక్కేవాళ్లు చాలామంది. అక్కడ సుమారు డిసెంబర్ నుంచి మే దాకా దీని సీజన్. అడవిలో చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి పోవద్దు, అక్కడి ఆరోగ్య సిబ్బందికి చెప్పండి.

కాంగో జ్వరం: మన దేశంలో మొదటిసారి 2011 జనవరిలో గుజరాత్‌లో నిర్ధారణ అయింది. అప్పుడు రోగితో పాటు చికిత్స చేసిన డాక్టర్, నర్సు కూడా చనిపోయారు. ఇది పశువుల మీది ఒక రకం పిడుదుల వల్ల, కోసిన పశువు రక్తం తగలడం వల్ల కూడా అంటుకోవచ్చు. బక్రీద్ విషయంలో దీని గురించి కింద రాశాను.

శికారీల పాత జాగ్రత్త

మా నానాకు శికార్ కథలంటే ప్రాణం. చిన్నప్పుడు పెద్దల వెంట వికారాబాద్ అడవుల్లోకి వెళ్లేవాడట. పిక్కల చుట్టూ మడమ నుంచి మోకాలి దాకా బట్ట పట్టీలు బిగించి కట్టుకునేవాళ్లమని, ఇంటికొచ్చాక గుమ్మం బయటే బట్టలు విప్పించి నానీ దులిపేదని చెప్తాడు. ముళ్ల కోసమనుకున్నా. కాదు, చీచ్డీల కోసమన్నాడు.

శికార్ రోజులు పోయాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకైనా, కుందేలైనా, కౌజు పిట్టైనా వేటాడటం నేరం. సరదాగా వెళ్లాం అన్నా జైలే. ఒకప్పుడు నిజాంల వేట స్థలమైన వనస్థలిపురం హరిణ వనస్థలి ఇప్పుడు జింకల పార్కు. వేట పోయినా గడ్డి, పిడుదు పోలేదు. నానా పట్టీల సూత్రం ఇవాళ్టికీ పనికొస్తుంది.

వెళ్లే ముందు, వెళ్లాక

* పొడుగు ప్యాంటు, ఫుల్ చేతుల చొక్కా, బూట్లు. ప్యాంటు అంచులను సాక్సుల్లోకి దోపుకోండి. ఫొటోలో బాగోదు, కానీ పురుగు చర్మం మీదికి రాలేదు. లేత రంగు బట్టలైతే పాకే పురుగు కనపడుతుంది.

* అబాయా, బుర్ఖా, చీర అంచులు గడ్డిని ఊడ్చుకుంటూ పోతాయి. లోపల చుడీదార్ గానీ ట్రాక్ ప్యాంటు గానీ వేసుకొని సాక్సుల్లోకి దోపుకోండి. అంచు నేలకు తగలనంత పొట్టిగా ఉండేది ఎంచుకోండి.

* నమాజ్ టైమ్ అయితే జానమాజ్‌ను నేరుగా గడ్డి మీద పరవొద్దు. ముందు ప్లాస్టిక్ షీటు గానీ టార్పాలిన్ గానీ వేయండి. బాట మీదో, బండరాయి మీదో అయితే ఇంకా మంచిది. దస్తర్‌ఖాన్ పరిచేటప్పుడూ ఇదే మాట.

* బాట మధ్యలో నడవండి. ఎత్తు గడ్డి, ఎండుటాకుల కుప్పలు, పొదల పక్కన కూర్చోవద్దు, పడుకోవద్దు.

* చర్మానికి రాసుకునే మందు కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. డీఈఈటీ 20 నుంచి 30 శాతం ఉన్నది గానీ, పికారిడిన్ ఉన్నది గానీ పనిచేస్తుంది. దోమల క్రీము రాసుకున్నాంగా అని ధీమా పడొద్దు, చాలావాటిలో మందు శాతం తక్కువ. రెండు నెలల లోపు పసిపిల్లలకు ఇవేవీ రాయొద్దు.

* పెర్మెత్రిన్ అనేది బట్టలకు, బూట్లకు, టెంటుకు కొట్టే మందు. ఒంటికి కాదు. పూర్తిగా ఆరాకే వేసుకోవాలి. ఇంట్లో పిల్లి ఉంటే దాన్ని తడి మందు దరిదాపుల్లోకి రానివ్వొద్దు, దానికి విషం.

ఇంటికి వచ్చాక రెండు గంటల్లోపు స్నానం చేయండి. సబ్బుతో రుద్దుకుంటూ పైన చెప్పిన చోట్లన్నీ వేళ్లతో తడిమి చూసుకోండి. పిల్లల జుట్టు, చెవుల వెనక అమ్మలే చూడాలి. బట్టలు మంచం మీద పడేయకుండా నేరుగా వేడి నీళ్లలో వేయండి. డ్రయర్ ఉన్నవాళ్లు ఉతకక ముందే ఎక్కువ వేడి మీద 10 నిమిషాలు తిప్పితే పిడుదులు చస్తాయి. బ్యాగు, బూట్లు బాల్కనీలోనే దులపండి.

పట్టుకుంటే ఎలా తీయాలి?

ఇక్కడే అందరం తప్పు చేస్తాం. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, నెయిల్ పాలిష్ పూయడం, సున్నం పెట్టడం, ఏదీ వద్దు. అలా చేస్తే పిడుదు ఉక్కిరిబిక్కిరై తన కడుపులోది మన ఒంట్లోకే కక్కే ప్రమాదం ఉంది. గోళ్లతో గిల్లి చిదిమితే దాని రక్తం మన వేళ్లకు అంటుతుంది.

సన్న మొన ఉన్న ట్వీజర్ తీసుకోండి. పిడుదు పొట్టను కాదు, చర్మానికి ఆనుకొని ఉన్న దాని తలభాగాన్ని పట్టుకోండి. తిప్పకుండా, గుంజకుండా, ఒకే తీరుగా నిదానంగా పైకి లాగండి. ట్వీజర్ లేకపోతే చేతికి ప్లాస్టిక్ కవరో, టిష్యూనో చుట్టుకొని తీయండి. నోటి ముక్క లోపలే ఉండిపోతే, తేలిగ్గా వస్తే తీయండి, లేకపోతే పొడవకుండా వదిలేయండి. తర్వాత ఆ చోటునూ చేతులనూ సబ్బుతో కడిగి స్పిరిట్ రాయండి. పిడుదును టేపులో అతికించి చెత్తలో వేయండి.

ఇంకో పని. ఫోన్‌లో ఆ తేదీ రాసిపెట్టుకోండి. మూడు వారాల దాకా జ్వరం, మచ్చలు, నల్లటి పెచ్చు వస్తాయేమో చూసుకోండి. కుట్టిన ప్రతి పిడుదుకూ జబ్బుండదు, ఊరికే భయపడి మందులు మింగొద్దు.

బక్రీద్ మేకల సంగతి

అడవికి పోకపోయినా పిడుదు మన ఇంటికే వస్తుంది, మేకతో పాటు. జియాగూడ మండీలోనో, రోడ్డు పక్కనో కొన్న మేకను టోలిచౌకి, హఫీజ్‌పేట అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో కట్టేస్తాం. పిల్లలు దాన్ని కౌగిలించుకొని ఆడతారు. కొనేటప్పుడే చెవుల లోపల, తోక కింద, గిట్టల మధ్య చూడండి. పిడుదులుంటే వేళ్లతో పీకి చిదమొద్దు. పశువుల డాక్టర్‌కు చూపించండి.

ఇక్కడ ఒక మాట మర్చిపోవద్దు: ఖుర్బానీ తేదీ డాక్టర్‌కు ముందే చెప్పండి. పిడుదులకు వేసే కొన్ని ఇంజెక్షన్ల మందు మాంసంలో కొన్ని వారాల పాటు ఉంటుంది. మెడికల్ షాపులో అడిగి మనమే వేయించడం అస్సలు మంచిది కాదు. మందేసి పిడుదులను పోగొట్టేది ఖుర్బానీకి కనీసం రెండు వారాల ముందే అయ్యేలా చూసుకోవాలి. అంటే మేకను ముందుగా కొనేవాళ్లకే ఆ వీలుంటుంది.

కోసేటప్పుడు, కడిగేటప్పుడు గ్లవ్స్, ఫుల్ చేతుల బట్టలు వేసుకోండి. చేతికి గాయం ఉన్నవాళ్లు రక్తం ముట్టుకోవద్దు. బాగా ఉడికిన మాంసంతో ఏ భయమూ లేదు, ఆ వైరస్ వేడికి బతకదు.

డాక్టర్‌తో ఏం చెప్పాలి?

జ్వరం వస్తే ముందు బస్తీ దవాఖానాకైనా వెళ్లండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే పెద్ద ఆస్పత్రికి వెళ్లండి. ఎక్కడికెళ్లినా ఒక మాట మీరే ముందు చెప్పండి: "ఫలానా తేదీన ఫలానా చోట గడ్డిలో తిరిగాను" లేదా "ఇంట్లో మేక ఉంది". ఆ ఒక్క మాటతో డాక్టర్ చేయించే పరీక్షలే మారిపోతాయి. గర్భవతి అయితే అది కూడా చెప్పాలి, వాడే మందు మారవచ్చు.

నల్లటి పెచ్చు ఎక్కువగా బట్టల చాటునే ఉంటుంది. గజ్జల్లో, చంకలో, రొమ్ము కింద. మన ఆడవాళ్లు సిగ్గుతో చెప్పరు, మగ డాక్టర్ అడగడానికి మొహమాటపడతాడు. లేడీ డాక్టర్ కావాలని అడగడం మీ హక్కు. లేకపోతే ఇంట్లో అమ్మో, అక్కో ముందే చూసి డాక్టర్‌కు చెప్పొచ్చు. అమ్మీలు, అప్పాలు, ఈ పని మీ చేతుల్లోనే ఉంది.

నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి మనందరికీ తెలుసు. దాని అసలు పేరులో సర్ రొనాల్డ్ రాస్ ఉంటాడు. మలేరియాను మోసేది దోమేనని 1897లో మన సికింద్రాబాద్‌లోనే ఆయన కనిపెట్టాడు. అప్పటిదాకా చెడు గాలి వల్ల జ్వరమొస్తుందని జనం నమ్మేవాళ్లు. ఇంత చిన్న పురుగు ఇంత పని చేస్తుందా అని ఇవాళ మనం పిడుదును చూసి అనుకుంటున్నట్టే.

మా ఫుప్పూ కొడుకు ట్రెక్కింగ్ మానలేదు. ఇప్పుడు వాడి బ్యాగులో పవర్ బ్యాంకు పక్కన ఒక ట్వీజర్ ఉంటుంది. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుంటే స్నేహితులు నవ్వుతారట. నవ్వనీ అంటాడు.