లోట్ నది వెంట కంకర బాటలు

తారు రోడ్డు అయిపోయాక కూడా హాయిగా ముందుకు సాగే సైకిల్‌ను గ్రావెల్ బైక్ అంటారు. రేసు సైకిల్‌కు ఉన్నట్టే దీనికీ వంపు తిరిగిన హ్యాండిల్ ఉంటుంది. తేడా అంతా చక్రాల దగ్గరే. టైరు వెడల్పు 35 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అందులో గాలి తక్కువగా కొడతారు. మెత్తని టైరు కంకర మీద ఎగిరిపడకుండా రాళ్ళను ఒడిసిపట్టి దొర్లుతుంది, కుదుపు చేతుల దాకా రాదు. చాలా బైకుల్లో ట్యూబు కూడా ఉండదు. ముల్లు గుచ్చుకుంటే టైరులో పోసిన జిగురు ద్రవం ఆ చిల్లును అప్పటికప్పుడు మూసేస్తుంది. వీటికి తోడు డిస్క్ బ్రేకులు, నిట్టనిలువు ఎత్తులకు పనికొచ్చే తేలిక గేర్లు, ఫ్రేముకు కట్టుకునే సంచులు ఉంటే నాలుగైదు రోజుల ప్రయాణానికి సరంజామా సిద్ధమైనట్టే.

ఈ సైకిల్‌కు అమెరికాయే పుట్టిల్లని చాలామంది అనుకుంటారు. కాన్సస్ రాష్ట్రంలో 2006లో మొదలైన సుదీర్ఘ పందెం దీనికి పేరు తెచ్చిన మాట నిజమే. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2022లో ఇటలీలో తొలి గ్రావెల్ ప్రపంచ పోటీ నిర్వహించింది. మహిళల విభాగంలో ఫ్రాన్స్‌కు చెందిన పౌలీన్ ఫెరాన్-ప్రేవో గెలిచింది. పందేలను పక్కనపెట్టి ప్రయాణం సంగతి చూస్తే మాత్రం వేళ్ళు ఫ్రాన్స్‌లోనే తగులుతాయి. సాన్-ఎతియెన్ నగరంలో స్థిరపడిన పోల్ ద వివీ (1853–1930) 1887లో సైకిల్ పత్రిక ఒకటి ప్రారంభించి, ‘వెలోసియో’ అన్న కలం పేరుతో రాసేవారు. గేర్లుంటే మామూలు మనిషి కూడా కొండ ఎక్కగలడని ఆయన జీవితాంతం వాదించారు. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో గొలుసును ఒక పళ్ళచక్రం నుంచి మరోదానికి మార్చే డిరైలర్ గేర్లకు అనుమతి వచ్చింది 1937లో, ఆయన పోయిన ఏడేళ్ళకు. ఆ తరువాత రెనే ఎర్స్, అలెక్స్ సింజే వంటి తయారీదారులు లావు టైర్లు, దీపాలు, మడ్‌గార్డులు, ముందు సంచీ ఉన్న యాత్రా సైకిళ్ళు చేశారు. అలాంటి సైకిళ్ళకు వాడిన 650బి చక్రాల కొలతే ఇప్పుడు కొన్ని గ్రావెల్ బైకుల్లో మళ్ళీ కనిపిస్తోంది.

సైకిల్ ఎంత మంచిదైనా దారి లేకపోతే మూలనపడి ఉండాల్సిందే. ఫ్రాన్స్ అదృష్టమంతా దారుల్లో ఉంది. పొలాల మధ్య డొంకలు, ఒకప్పుడు పడవలను తాళ్ళతో లాగిన నదీతీరపు బాటలు, పట్టాలు తీసేసిన పాత రైలు మార్గాలు అక్కడి పల్లెలను ఒకదానితో ఒకటి కలుపుతాయి. బుర్గుండీలో జివ్రీ, క్లూనీల మధ్య రైలు మార్గాన్ని 1997లో సైకిళ్ళకు, పాదచారులకు అప్పగించాక అలాంటివి దేశమంతటా పుట్టుకొచ్చాయి. డొంకల సంగతి వేరు. చట్టప్రకారం అవి గ్రామ పంచాయతీ లాంటి ‘కమ్యూన్’ ఆస్తి. జనం నడుస్తున్నంత కాలం వాటిని ప్రజల వాడుకలో ఉన్న దారులుగానే లెక్కిస్తారు. ఎవరూ నడవకపోతే, పక్క రైతు దున్ని కలుపుకుని 30 ఏళ్ళు అనుభవిస్తే, దారి అతని సొంతమయ్యే వీలుంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కమతాల ఏకీకరణ పేరుతో ఎన్నో డొంకలు, వాటి పక్కన కంచెలుగా పెరిగిన చెట్లు మాయమయ్యాయి. అందుకే ఈ బాటల మీద తిరిగే ప్రతి సైకిల్ వాటికి కాపలా కాస్తున్నట్టే. 1991 నాటి చట్టం మోటారు వాహనాలను ప్రజా రాకపోకలకు తెరిచిన దారులు దాటి ప్రకృతి ప్రాంతాల్లోకి వెళ్ళనివ్వదు. దానివల్ల మిగిలిన నిశ్శబ్దం కూడా సైకిల్‌వాళ్ళకు కలిసొచ్చింది.

నదీలోయలనగానే అందరూ లువార్ పేరే చెబుతారు. అక్కడ 900 కిలోమీటర్ల సైకిల్ మార్గం ఉంది, కోటలున్నాయి. కానీ ఆ దారి చదునుగా, చాలాచోట్ల తారుతో ఉంటుంది. గ్రావెల్ బైక్ అసలు రుచి తెలియాలంటే నైరుతి ఫ్రాన్స్‌లోని లోట్ లోయకు వెళ్ళాలి. లోజేర్ కొండల్లో పుట్టిన ఈ నది సుమారు 480 కిలోమీటర్లు మెలికలు తిరిగి గరోన్‌లో కలుస్తుంది. ఫిజాక్ పట్టణ ప్రాంతం దాటాక అది సున్నపురాతి పీఠభూమిని నిలువునా కోసుకుంటూ పోతుంది. పైన ఉన్న ఆ పీఠభూమిని ‘కోస్’ అంటారు. వాన నీరు రాతి పగుళ్ళలోంచి లోపలికి ఇంకిపోతుంది కాబట్టి పైన పొట్టి ఓక్ చెట్లు, గొర్రెల మేత తప్ప పెద్దగా పంట ఉండదు. ఏరుకున్న రాళ్ళతోనే రైతులు సున్నం లేకుండా గోడలు పేర్చారు, గొర్రెల కాపరులకు గుండ్రటి రాతి గుడిసెలు కట్టారు. ఆ గోడల మధ్య నుంచి తెల్లని కంకర బాట సాగుతుంది. కింద లోయలో వాల్‌నట్ తోటలు, మొక్కజొన్న చేలు. లోయ నుంచి పైకి రెండు వందల మీటర్లకు పైగా ఎక్కాలి, రోజులో అలాంటి ఎత్తులు రెండు మూడు ఎదురైతే కాళ్ళకు తెలిసిపోతుంది.

బూజియెస్ ఊరి దగ్గర నిట్టనిలువు కొండ నేరుగా నీళ్ళలోకి దిగుతుంది. పడవలను లాగడానికి ఒడ్డే లేకపోవడంతో 1840లలో ఆ రాతినే తొలిచి, సగం సొరంగంలాంటి బాట వేశారు. మద్యం పీపాలతో బోర్దోకు వెళ్ళిన పడవలు తిరిగివచ్చేటప్పుడు వాటిని ఇలాంటి బాటల మీదుగానే ఎదురు ప్రవాహంలో లాగేవారు. ఇక్కడ సైకిల్ దిగి నడిపించుకుపోవడమే మర్యాద. దారి ఇరుకు, నడిచేవాళ్ళు ఎక్కువ. ఆ పైన నదికి వంద మీటర్ల ఎత్తున కొండ అంచున సాన్-సిర్క్-లపోపీ ఉంటుంది. మద్యం పీపాలకు చెక్క కుళాయిలు చెక్కడం ఒకప్పుడు ఆ ఊరి వృత్తి. కవి ఆంద్రే బ్రెతోఁ 1950ల మొదట్లో అక్కడ ఇల్లు కొనుక్కున్నారు.

లోట్‌లో కలిసే చిన్న నది సెలే ఇంకా ప్రశాంతంగా ఉంటుంది. కాబ్రెరే దగ్గర పెష్ మెర్ల్ గుహను 1922లో ఇద్దరు కుర్రాళ్ళు కనిపెట్టారు. గోడ మీద చుక్కల గుర్రాల జంట, వాటి చుట్టూ మనుషుల చేతి ముద్రలు సుమారు 29 వేల ఏళ్ళ నాటివి. ప్రసిద్ధమైన లాస్కో గుహను 1963లోనే మూసేశారు. పెష్ మెర్ల్‌లో మాత్రం అసలు బొమ్మలనే చూడనిస్తారు, ముందుగా టికెట్ తీసుకోవాలి. సెలే లోయలో ఎగువన ఉన్న ఫిజాక్, ఈజిప్టు చిత్రలిపిని 1822లో విప్పిన షాంపోలియన్ పుట్టిన ఊరు.

దిగువన కహోర్ పట్టణాన్ని లోట్ నది మూడు వైపులా చుట్టుకుని ఉంటుంది. 14వ శతాబ్దపు వలాంత్రే వంతెన మూడు బురుజులతో ఇప్పటికీ నిలిచి ఉంది. అక్కడి నుంచి పడమటికి ద్రాక్షతోటల మధ్య కంకర దారులే. మాల్బెక్ ద్రాక్షతో చేసే కహోర్ మద్యం ముదురు రంగుకు పేరుపడింది.

మే, జూన్, సెప్టెంబరు మంచి కాలం. శరదృతువులో వేటగాళ్ళు తిరుగుతారు గనుక కళ్ళకు కొట్టొచ్చే రంగు దుస్తులు వేసుకోవాలి. పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం మూసేస్తారు, సోమవారాలు చాలా వరకు తెరవరు. కోస్ మీద నీళ్ళు దొరకడం కష్టం. ఊరి శ్మశానాల్లో తరచూ కుళాయి ఉంటుంది, తాగడానికి పనికిరావన్న బోర్డు లేదని చూసుకుని సీసాలు నింపుకోవాలి. శాకాహారులకు రొట్టె, వాల్‌నట్‌తో పూట గడుస్తుంది. ఈ ప్రాంతం మీదుగా సాగే సాన్ జాక్ యాత్రామార్గంలో పాదచారుల కోసం పెట్టిన సత్రాలు సైకిల్‌వాళ్ళకూ పనికొస్తాయి.

నాలుగేళ్ళకోసారి జరిగే 1200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్రకు అర్హత కోసం హైదరాబాదు సైక్లిస్టులు ఏళ్ళుగా బ్రెవేలు, అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన సుదూర సైకిల్ యాత్రలు, తొక్కుతున్నారు. మళ్ళీ అది 2027లో ఉంది. అంత దూరం వెళ్ళేవాళ్ళు తారు రోడ్డు మీద గడియారంతో పోటీ పడి వెనక్కి వచ్చేయకుండా, పారిస్‌లోని ఓస్తెర్లిట్స్ స్టేషన్‌లో కహోర్ రైలెక్కి లోట్ ఒడ్డున ఓ నాలుగు రోజులు గడపాలి. ఆ రైళ్ళలో సైకిల్‌కు ముందుగానే చోటు రిజర్వు చేసుకోవాలి.